'ది చీట్' (1915): అపోహలు - వాస్తవాలు

పాత మూకీలను ఎంచి ప్రదర్శించడం నా పని. అమెరికన్ దర్శకుడు సిసిల్ బి. డిమిల్ తీసిన ఈ సొసైటీ డ్రామా (ధనికుల జీవితాల కథ) గురించి తరచూ వినే మాటలివి.

అపోహ: మూకీల్లో మనుషులు గబగబా పరుగెడతారు.
వాస్తవం: ఆ పరుగు ఆడించే వేగం వల్ల వస్తుంది. అప్పట్లో కెమెరాను చేత్తో తిప్పేవారు, సెకనుకు 16 నుంచి 20 ఫ్రేములు (విడి బొమ్మలు) మామూలు. దాన్ని టాకీల లెక్కన 24కి ఆడిస్తే ఏడుపు కూడా నవ్వు పుట్టిస్తుంది. సరైన వేగంలో ఈ సినిమా సుమారు గంట నడుస్తుంది.

అపోహ: ఖరీదైన బట్టలు, పార్టీలు తప్ప కథ ఉండదు.
వాస్తవం: ఇక్కడ కథను నడిపేది డబ్బు. స్టాక్ బ్రోకర్ భార్య ఎడిత్ రెడ్‌క్రాస్ విరాళాల సొమ్ము 10,000 డాలర్లు షేర్లలో పెట్టి పోగొడుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి ఆమెకు డబ్బిచ్చిన ధనికుడు టోరీ, దానికి బదులుగా ఆమెనే కోరతాడు. ఆమె డబ్బు తిరిగిస్తానన్నా వినడు. తన వస్తువులకు వేసే ముద్రను కాల్చి ఆమె భుజం మీద వేస్తాడు.

నటన అతిగా ఉంటుందనేవాళ్లు టోరీగా వేసిన సెస్యూ హయకవాను ఒక్కసారి చూడాలి. ముఖం దాదాపు కదపడు, చూపుతోనే భయపెడతాడు. ఆల్విన్ వైకాఫ్ కెమెరా సగం తెరను చీకట్లోనే వదిలేస్తుంది. జైలు ఊచల నీడ పడ్డ దృశ్యం ఇప్పటికీ నన్ను కట్టిపడేస్తుంది.

అపోహ: మనం చూసేది 1915లో విడుదలైన రూపమే.
వాస్తవం: ఇది చాలామందికి తెలియదు, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యం. మొదట టోరీ జపాన్‌వాడు. అమెరికాలోని జపనీయులు దీన్ని గట్టిగా నిరసించారు, లాస్ ఏంజెలెస్‌లోని వాళ్ల పత్రిక రఫు షింపో విమర్శించింది. పైగా మొదటి ప్రపంచ యుద్ధంలో జపాన్ అమెరికా పక్షానే ఉండేది. అందుకే 1918లో మళ్లీ విడుదల చేసినప్పుడు టైటిల్ కార్డులు (తెర మీద మాటలు రాసి చూపే పలకలు) మార్చి, టోరీని హకా అరకావు అనే బర్మా ఏనుగు దంతాల వ్యాపారిని చేశారు. నటుడు అతనే, ఇల్లూ అదే, పేరూ దేశమూ మారాయి. అంటే అవమానం తీరలేదు, ఇంకో జాతి మీదికి మళ్లింది. ఇప్పుడు దొరికే ప్రింట్లు ఈ 1918 రూపానివే. అందుకే సినిమా వేసేముందు ఈ సంగతి చెప్పి తీరతాను.

హయకవా 1918లోనే సొంత నిర్మాణ సంస్థ పెట్టాడు. ఇదే కథను 1937లో ఫ్రాన్స్‌లో మళ్లీ తీసినప్పుడు అందులోనూ నటించాడు. పోలా నెగ్రీ నటించిన 1923 నాటి రూపం మాత్రం నేటికీ దొరకలేదు.