సముద్రం పక్కనే ఉండగా ఇసుక కొనడమెందుకు?

చిరంజీవులు చిట్టికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. "విశాఖలో ఎటు చూసినా ఇసుకే కదా, ఇల్లు కట్టడానికి నాన్న డబ్బులు పోసి లారీలో గోదావరి ఇసుక ఎందుకు తెప్పిస్తున్నాడు?" అని అడిగారు. మీ నాన్నకు ఫోన్లో చెబుదామంటే సగం వినేలోపు ఇంకో ఫోను వస్తుంది. అందుకే మీకు రాస్తున్నాను, మీరే ఆయనకు చెప్పండి.

సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది. స్లాబులోను, స్తంభాల్లోను ఇనప ఊచలుంటాయి కదా, ఆ ఉప్పు వాటిని తుప్పు పట్టిస్తుంది. తుప్పుకి ఇనుముకంటే ఎక్కువ చోటు కావాలి. అది లోపలే ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతుంది. బీచి దగ్గరి పాత ఇళ్లలో స్లాబు పెచ్చులూడి ఊచలు కనబడటం మీరు చూసే ఉంటారు. గాలిలో వచ్చే ఉప్పే అంత పని చేస్తే, మనమే చేతులారా లోపల కలిపితే ఎలా ఉంటుందో ఊహించండి. గోడలకు తెల్లటి పొక్కు రావడం సరేసరి. పైగా తీరంలో ఇసుక తవ్వుకుపోవడానికి చట్టం ఒప్పుకోదు. (భీమిలి వైపు వెళ్లినప్పుడు ఇసుకలో నల్లటి చారలు చూడండి. అవి మురికి కాదు, ఇల్మనైటు లాంటి బరువైన ఖనిజాలు. తేలిక ఇసుకను అల లాక్కుపోతే అవి అక్కడే ఉండిపోతాయి.)

సముద్రం దగ్గర ఇసుకతో ఇంకో చిక్కుంది. అది చాలావరకు సన్నం, పైగా రేణువులన్నీ దాదాపు ఒకే సైజు. దీంతో ఏం ఇబ్బందంటే, ఒక పెద్ద జాడీ నిండా నిమ్మకాయలు వేయండి. నిండిందనిపిస్తుంది గాని మధ్యలో శనగలు పడతాయి. శనగల మధ్య ఇంకా రవ్వ పడుతుంది. కాంక్రీటులో కంకర, ఇసుక, సిమెంటు చేసేది ఇదే. కంకర సందుల్ని ఇసుక నింపాలి, ఇసుక సందుల్ని సిమెంటు నింపాలి. ఇసుకలో పెద్దవి, నడితరంవి, చిన్నవి కలిసి ఉంటే సందులు తక్కువ మిగులుతాయి, సిమెంటు తక్కువ పడుతుంది. అంతా సన్నమే అయితే సిమెంటు, నీళ్లు రెండూ ఎక్కువ తాగుతుంది, ఆరాక బీటలిస్తుంది. అలాగని అంతా గరుకే అయితే ప్లాస్టరింగు నున్నగా రాదు, మేస్త్రీ తిట్టుకుంటాడు.

దీనికి లెక్కుంది. 4.75 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగేదాన్నే ఇసుక అంటారు. ఐఎస్ 383 అనే మన దేశపు ప్రమాణం దాన్ని గరుకు నుంచి సన్నం దాకా నాలుగు జోన్లుగా విడదీసింది. 0.6 మిల్లీమీటరు జల్లెడలో నూటికి 35 నుంచి 59 పాళ్లు దిగితే రెండో జోను. స్లాబులకు ఎక్కువమంది కోరుకునేది ఇదే. నాలుగో జోను మరీ సన్నం. పరీక్షలు చేయించకుండా దాన్ని ఊచలున్న కాంక్రీటులో వాడొద్దని ఆ ప్రమాణమే చెబుతుంది. మీ నాన్న గోదావరి ఇసుక అని పేరు చూసి మురిసిపోతాడు గాని, గోదావరిలోనూ ఒక ర్యాంపు (ఇసుక తీసే రేవు) ఇసుక గరుకు, ఇంకో ర్యాంపుది మెత్తన. ఒకే ర్యాంపులో అడుగుకి దిగేకొద్దీ ఒండ్రు తగలొచ్చు. మా రాజమహేంద్రవరంలో పడవ మీద వెళ్లి, మనుషులు నీళ్లలో మునిగి బకెట్లతో తోడి పడవ నింపుతారు. అంత కష్టపడి తెచ్చిన ఇసుకనైనా చూసే దింపుకోవాలి. నది పేరు కాదు, మన గుమ్మంలోకి వచ్చిన లోడు ఎలా ఉందన్నదే లెక్క.

ఒండ్రు ఎంతుందో మీ ఇద్దరే తేల్చేయొచ్చు. అంచులు నిటారుగా ఉన్న గాజుసీసా తీసుకోండి. లీటరు నీళ్లలో రెండు చెంచాల ఉప్పు కలపండి. సీసాలో కొంచెం ఆ నీళ్లు పోసి, సగం దాకా ఇసుక వేసి, మళ్లీ నీళ్లు పోసి, మూత బిగించి బాగా గిలకొట్టండి. మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక అడుక్కి చేరుతుంది, దాని మీద మెత్తటి ఒండ్రు పొర కడుతుంది. ఇక్కడ ఉప్పెందుకు అంటారేమో, మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని త్వరగా దిగడానికి. ఇసుక 100 మిల్లీమీటర్లుంటే ఒండ్రు 8 దాటకూడదు. దాటితే ఆ ఇసుక కడగాలి, లేదా లారీ తిప్పి పంపాలి. మట్టి ఇసుక రేణువుకి చుట్టుకుంటే సిమెంటుకి పట్టు దొరకదు. సీసా లేనప్పుడు తడి ఇసుక గుప్పెట్లో నలిపి పారేసి అరచెయ్యి చూసుకోండి. మట్టి మరకైతే అనుమానించాల్సిందే.

ఇక అందరూ మోసపోయేది కొలతలో. చెమ్మగా ఉన్న ఇసుక ఉబ్బుతుంది! ప్రతి రేణువు చుట్టూ నీటిపొర చేరి పక్కదాన్ని దూరంగా ఉంచుతుంది. పూర్తిగా నీళ్లలో ముంచితే మళ్లీ మామూలు కొలతకు దిగిపోతుంది. ఒక గిన్నెలో చెమ్మ ఇసుకను 20 సెంటీమీటర్ల ఎత్తుకి వదులుగా పోసి చూసుకోండి. దాన్ని తీసి, అదే గిన్నెలో సగం నీళ్లు పోసి, ఇసుకంతా మళ్లీ వేసి కలపండి. 16 సెంటీమీటర్లకు దిగిందనుకోండి, 25 శాతం ఉబ్బి ఉందన్నమాట. అంటే నాన్న 100 ఘనపుటడుగులకు డబ్బిచ్చి 80 తెచ్చుకున్నట్టు. పోనీ తూకానికి కొంటే నీటి బరువు కూడా మనమే మోయాలి. మేస్త్రీ ఒక పెట్టె సిమెంటుకి ఆరు పెట్టెల ఇసుక కలిపానని అనుకుంటాడు, నిజానికి పడింది నాలుగు చిల్లర. మాలులో (గోడకు వాడే ఇసుక, సిమెంటు ముద్దలో) అయితే సిమెంటు దండగ. కాంక్రీటులో అయితే ఇసుక చాలక కంకర మధ్య సందులుండిపోతాయి, సెంట్రింగు విప్పాక తేనెపట్టులా కనిపిస్తుంది. వానలో తడిసిన కుప్పైతే కొలత పెంచుకోవాలి.

నది ఇసుక ఎంతైనా తెచ్చుకోవచ్చనీ అనుకోకండి. నీటిని పట్టి ఉంచి చుట్టుపక్కల బావులకు ఊట ఇచ్చేది ఆ ఇసుకే. ఇష్టారాజ్యంగా తవ్వకుండా 2002లో వాల్టా (నీరు, నేల, చెట్ల రక్షణ) చట్టం తెచ్చారు. రాయిని పిండి చేసి తయారు చేసే రోబో శాండు అందుకే ఇన్ని చోట్లకు చేరింది, 2016లో సవరించిన ఐఎస్ 383 కూడా దాన్ని ఒప్పుకుంది. ఇంజనీరు అదే వాడదామంటే నాన్న మొహం చిట్లించనక్కర్లేదు. చూసుకోవాల్సిందొకటే. క్రషర్లో కంకర కొట్టగా మిగిలిన డస్టుని కూడా కొందరు రోబో శాండని అంటగడతారు. అసలుది ప్రత్యేకమైన యంత్రంలో రాయికి రాయి కొట్టించి అంచులు మొద్దుచేసి, సైజులు సరిచూసి ఇచ్చేది. డస్టు పదునుగా, పలకలుగా, పొడి ఎక్కువగా ఉంటుంది. స్లాబుకి ఒక రకం, ప్లాస్టరింగుకి ఇంకా సన్నటి రకం వేరుగా అమ్ముతారు. బిల్లు మీద ఏది రాశారో, లారీలో ఏది వచ్చిందో మీ ఇద్దరూ దగ్గరుండి చూడండి.

ఆశీస్సులతో,
తాతయ్య