కలివికోడిని గుర్తుపట్టినవారు

ప్రియమైన చిన్నారులకు తాతయ్య ఆశీస్సులు.

కడప జిల్లా చిట్టడవుల్లో కలివికోడి అనే పక్షి ఉండేది. 1848 ప్రాంతంలో జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు దానిని గ్రంథస్థం చేశాడు. 1900 తరువాత శాస్త్రవేత్తలెవరికీ కనిపించకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. ఎనభై ఏళ్ళు దాటాక బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారు దాని బొమ్మ పట్టుకుని ఆ ప్రాంతపు పల్లెల్లో విచారించగా, 1986 జనవరిలో ఒక రాత్రి స్థానికుడొకరు టార్చి వెలుగులో ఆ పక్షిని పట్టి చూపించాడు. ముళ్ళపొదల మధ్య నేల మీద పరుగులు తీస్తూ రాత్రిపూట తిరిగే పక్షి ఎక్కడ దొరుకుతుందో, అడవిని నమ్ముకుని బతికేవారికి తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది?

ఆ తెలివిడి మీకూ రావాలని నా కోరిక. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట అని పరీక్షలో రాసే పిల్లలు, అదే పక్షి కరెంటు తీగ మీద రెక్కలు ముడుచుకుని గోధుమరంగు రొమ్ముతో కూర్చుంటే పోల్చుకోలేకపోవడం చూశాను. ఎగిరినప్పుడు గాని దాని రెక్కల నీలం పూర్తిగా బయటపడదు మరి!

వానలు మొదలయ్యాక ఊరిబావి మీదికి వాలిన తుమ్మకొమ్మనో, ఈతచెట్టునో చూడండి. గిజిగాళ్ళు గూళ్ళు అల్లుతుంటాయి. అల్లేది తలమీద పసుపురంగు వచ్చిన మగపిట్ట. వరి ఆకు అంచును ముక్కుతో గాటు పెట్టి, కొస పట్టుకుని ఎగిరితే ఈనె పొడవునా సన్నని పోగు చీలి వస్తుంది. గూడు సగమయ్యాక ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి పరీక్షిస్తుంది. నచ్చితేనే మగపిట్ట గుడ్ల గదినీ కిందికి వేలాడే గొట్టాన్నీ పూర్తిచేస్తుంది. అందుకే ఒకే చెట్టుకు నిండు గూళ్ళతోపాటు సగంలో వదిలేసినవి కూడా వేలాడుతుంటాయి. గిజిగాడు గూటి లోపల తడి బురద ముద్దలు అంటిస్తుంది. ఆ బురదకు మిణుగురులను అతికించి దీపం పెట్టుకుంటుందని పెద్దలు చెప్పే మాట మాత్రం నేను నమ్మను. బురద నిజం, దీపం కల్పన. పెద్దలను తప్పక అడగండి, గొర్రెల కాపరులనూ జాలరులనూ మరీ అడగండి, కాని విన్నదానిని మీ కళ్ళతో సరిచూసుకోండి.

ఒక నోటుపుస్తకంలో తేదీ, చోటు, ఆ ప్రాణి ఏం చేస్తూ కనిపించిందో రాసుకోండి. పేరు తెలియకపోతే రంగూ నడకా కూతా రాస్తే చాలు, పేరు తరువాత ఎవరైనా చెబుతారు. గుడ్లున్న గూటి జోలికి వెళ్ళవద్దు. కార్తికం దాటాక గాలికి రాలిన పాత గూడు దొరికితే నెమ్మదిగా చీల్చి, ఎండిన బురద ఏ వైపు అంటుకుని ఉందో, ఎంత ఉందో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య