నల్ల అద్దాల సంగతి

చిరంజీవి స్వాతికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

"బాబాయి కారుకున్న నల్ల ఫిల్మ్‌ని పోలీసులు రోడ్డు మీదే ఎందుకు పీకించేశారు తాతయ్యా? ఎండ తగలకుండా వేసుకుంటే తప్పేంటి?" అని రాశారు కదా.

నానమ్మ పిండి జల్లించడం చూశారుగా. కారు అద్దం కూడా వెలుతురుని జల్లించే జల్లెడే అనుకోండి. నూరు గింజల వెలుతురు పోస్తే ముందు అద్దం, వెనక అద్దం కనీసం 70 గింజలు దించాలి. పక్క అద్దాలు కనీసం 50 దించాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో నూరో నియమం ఇదే. ఇప్పుడు జల్లెడ కింద ఇంకో జల్లెడ పట్టండి. కంపెనీ బిగించిన పక్క అద్దం 70 దించుతోంది, దాని మీద సగమే దించే ఫిల్మ్ అంటించారు. లెక్క వేస్తే మిగిలేది 35. షాపులో "ఇది 50 ఫిల్మే సార్, ఏం కాదు" అంటారు. వాళ్ళు చెప్పేది రెండో జల్లెడ సంగతి మాత్రమే. చీకటి పడే వేళ అసలు పైనుంచి పడే గింజలే తక్కువ. అందులో మూడో వంతే దిగితే, పక్క సందులోంచి సైకిల్ మీద వచ్చే పిల్లాడు డ్రైవరుకి ఏం కనిపిస్తాడు?

నా చిన్నప్పుడు బడికి వెళ్ళాలంటే లారీలు తిరిగే రోడ్డు దాటాలి. "బండిని కాదురా, డ్రైవరు కళ్ళని చూడు. వాడు నిన్ను చూశాడని తెలిశాకే అడుగు వెయ్యి" అనేవాడు మా నాన్న. తలపాగా చుట్టుకున్న డ్రైవరు ఒకాయన బండి నెమ్మది చేసి, వెళ్ళమని చెయ్యి ఊపేవాడు. ఆ చెయ్యి కోసం ఎదురుచూసేవాళ్ళం. నల్ల ఫిల్మ్ వెనక ఆ కళ్ళూ ఉండవు, ఆ చెయ్యీ ఉండదు. కారు మనదే అయినా ఆ అద్దంలో రోడ్డు దాటేవాడికీ వాటా ఉంది.

అవిషేక్ గోయెంకా అనే ఆయన వేసిన పిటిషన్ మీద 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. విడిగా తెచ్చి అంటించే ఫిల్మ్ ఎంత పలచనిదైనా వద్దంది. కంపెనీలోనే, ఆ 70, 50 లెక్క తప్పకుండా రంగు కలిపిన అద్దం ఉండొచ్చు. తర్వాత నియమం కొంత మారింది. ఆ లెక్కకు లోబడిన ఫిల్మ్‌కి జరిమానా వేయకూడదని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. మన ఊళ్ళలో మాత్రం 2012 తీర్పు చూపించే చలాన్ రాస్తుంటారు.

చలాన్ వస్తే రోడ్డు మీద గొడవకి దిగొద్దని బాబాయికి చెప్పండి. ఇ-చలాన్ తెరిచి బండి నంబరు, ఫొటో, తేదీ, చోటు సరిచూసుకోవాలి. అద్దం కంపెనీదే అయితే కారు కొన్న కాగితాలు తీసుకెళ్ళి కోర్టులో చెప్పుకోవచ్చు. తప్పు మనదైతే డబ్బు కట్టి ఊరుకోకూడదు, ఫిల్మ్ మొత్తం తీయించాలి. లేకపోతే మళ్ళీ ఆపినప్పుడు మళ్ళీ చలానే.

ఆదివారం మీరిద్దరూ ఒక పని చేయండి. కారు అద్దాల మూలల్లో చిన్న అక్షరాల ముద్ర ఉంటుంది, చదవండి. చీకటి పడే ముందు నాన్నని తోడు పిలిచి, ఆగి ఉన్న కారులో ఒకరు కూర్చోండి. రెండోవాళ్ళు పది అడుగుల దూరంలో నిలబడి వేళ్ళు చూపించాలి. అమ్మ నల్ల చున్నీ అద్దానికి అడ్డం పెట్టి ఇంకోసారి చూడండి. ఎన్ని వేళ్ళు కనబడ్డాయో నాకు రాయండి.

మీ తాతయ్య