కన్సోలా, గేమింగ్ పీసీయా: కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ దుకాణాల భవనం మెట్లెక్కే వాళ్లలో చాలామంది అప్పటికే తీర్పు రాసుకుని వస్తారు. "పీసీ కడితే ఏదైనా ఆడొచ్చంట", "పీఎస్5 (సోనీ గేమ్ కన్సోల్, ప్లేస్టేషన్ 5) తెచ్చుకుంటే పదేళ్లు మూత తీయక్కర్లేదంట". ఈ 'అంట'లన్నీ పచ్చి అబద్ధాలేం కావు. ఒక్కోదాని వెనక ఒక నిజం ఉంటుంది, కాకపోతే అది ఇంకెవరి ఇంటికో, ఇంకే టీవీకో చెల్లే నిజం. పెట్టెలో ఏ చిప్ ఉందన్నది సగం సంగతే. ఆ పెట్టె ఏ గోడ ప్లగ్గుకి, ఏ తెరకి, ఏ సెట్టింగుకి తగిలించారన్నది మిగతా సగం. సర్వీసు బల్ల మీదికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ రెండో సగానివే.

అపోహ: అదే డబ్బు పెడితే పీసీ కన్సోల్‌ని మించిపోతుంది.

వాస్తవం: కొత్త పార్టులతో అయితే అది జరిగే పని కాదు. పీఎస్5 డిస్క్ మోడల్ మన దేశంలోకి 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకి దిగింది. లోపల ఎనిమిది కోర్ల ఏఎండీ జెన్2 ప్రాసెసర్, 36 కంప్యూట్ యూనిట్ల (బొమ్మని లెక్కగట్టే విభాగాల) ఆర్‌డీఎన్‌ఏ2 గ్రాఫిక్స్, 16 జీబీ జీడీడీఆర్6 మెమరీ, 825 జీబీ ఎస్‌ఎస్‌డీ. పీసీ కార్డుల్లో సరిగ్గా ఇదే 36 యూనిట్ల లెక్క ఉన్నది రేడియాన్ ఆర్‌ఎక్స్ 6700. ఆ కార్డు, దానికి తగ్గ బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, మంచి ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్టులకి కరెంటు మార్చి ఇచ్చే డబ్బా) కలిపి అప్పట్లో ఆ ధరకి వచ్చేవి కావు. కన్సోల్ కంపెనీ తన లాభాన్ని గేముల మీద, నెలవారీ చందాల మీద రాబట్టుకుంటుంది. పీసీలో మాత్రం ప్రతి ముక్క మీదా ఎవరి లాభం వాళ్లు అక్కడికక్కడే తీసుకుంటారు.

దీనికి తోడు, కొటేషన్ కాగితం మీద సాధారణంగా కనపడనివి కొన్ని ఉంటాయి: విండోస్ లైసెన్సు, మానిటర్, కీబోర్డు, మౌస్, యూపీఎస్. ఇవి కలిపాక బడ్జెట్ ఎక్కడికో పోతుంది. అయితే ఇంట్లో ఇప్పటికే మానిటర్ ఉండి, కోడింగుకో వీడియో ఎడిటింగుకో ఎలాగూ కంప్యూటర్ కొనాల్సిందే అనుకుంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు మీరు అదనంగా కొనేది గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే. ఆన్‌లైన్ ఆట విషయంలోనూ అంతే. పీఎస్5లో డబ్బు పెట్టి కొన్న గేముని నెట్‌లో నలుగురితో ఆడాలంటే చాలావరకు ప్లేస్టేషన్ ప్లస్ అనే చందా కట్టాలి, ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేములకి అక్కర్లేదు. పీసీలో ఆ చందా లేనే లేదు. డిస్క్ కొని ఆడేసి సగం ధరకి అమ్ముకునే వీలు మాత్రం కన్సోల్‌కే ఉంది, అదీ డిస్క్ డ్రైవ్ ఉంటేనే. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కి డ్రైవ్ పెట్టించుకునే దారే లేదు.

అపోహ: 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెడితే కరెంటు బిల్లు పేలిపోతుంది.

వాస్తవం: 650 అన్నది అది ఇవ్వగలిగినంత, గుంజేది కాదు. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు రేటింగు 115 వాట్లు. ఆరు కోర్ల ప్రాసెసర్, బోర్డు, ఫ్యాన్లు అన్నీ కలిపినా గేమ్ నడిచేటప్పుడు గోడ దగ్గర సుమారు 250 వాట్లు. పీఎస్5 పెద్ద గేముల్లో 200 వాట్ల దగ్గర తిరుగుతుంది. రోజుకి మూడు గంటల చొప్పున నెలకి కన్సోల్‌కి 18 యూనిట్లు, ఈ పీసీకి 22.5 యూనిట్లు. ఏసీ నడిచే ఇంట్లో ఈ తేడా లెక్కలోకే రాదు. 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 లాంటివి పెట్టుకున్న వాళ్ల సంగతి వేరు. ఇంకోమాట, ఎస్‌ఎంపీఎస్ మీది 80 ప్లస్ గోల్డ్ (బంగారం), బ్రాంజ్ (కంచు) గుర్తులు కరెంటు ఎంత వృథా కాకుండా మారుతోందో చెప్పేవి. ఎస్‌ఎంపీఎస్ లోపలి రక్షణలు గట్టివా కావా అన్నది ఆ గుర్తు చెప్పదు.

అపోహ: క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఏదో పార్ట్ లీకైనట్టే.

వాస్తవం: నూటికి తొంభై పాళ్లు తప్పు గోడలో ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్‌లోకి కరెంటు వెళ్లే చోట ఒక ఫిల్టర్ ఉంటుంది. అందులోని చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి బాడీకి కలిసి ఉంటాయి. మూడో పిన్ను భూమికి తగిలి ఉంటే ఆ కాస్త కరెంటు అటు దిగిపోతుంది. ఎర్తింగ్ లేకపోతే పోవడానికి దారి లేక 230లో సగం, అంటే 110, 115 వోల్టులు క్యాబినెట్ ఇనుము మీద నిలబడతాయి. కరెంటు చాలా తక్కువ కాబట్టి చెప్పుల్లేకుండా నిలబడి తాకితే జివ్వుమని ఊరుకుంటుంది.

తేల్చుకోవడం తేలిక. మల్టీమీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టండి. ఫేజ్, న్యూట్రల్ మధ్య 230 చూపాలి. ఫేజ్, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. రెండో కొలత 40, 70, 120 అని ఊగుతోందంటే ఆ సాకెట్‌లో మూడో రంధ్రం అలంకారానికే ఉందన్నమాట. పాత అద్దె ఇళ్లలో ఇది చాలా మామూలు. మీటర్ పట్టడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ ఒక్కటే చూడమనండి. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి స్పైక్ బస్టర్‌లో గుచ్చడం మాత్రం వద్దు, ఉన్న ఎర్త్ కూడా పోతుంది.

కన్సోల్‌కి ఈ బెడద లేదనుకోవద్దు. పీఎస్5 వైరు రెండు పిన్నులదే, దానికి ఎర్త్ లేదు. టీవీ, సెట్‌టాప్ బాక్స్, డిష్ వైరు అన్నీ వేర్వేరు వోల్టుల్లో తేలుతూ ఉంటాయి. టీవీ, కన్సోల్ రెండూ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ వైరు గుచ్చితే ఆ తేడా అంతా ఒక్క క్షణంలో సిగ్నల్ పిన్నుల మీదుగా దూకుతుంది, హెచ్‌డీఎంఐ ఐసీ, అంటే బొమ్మని టీవీకి పంపే చిప్, పోతుంది. కన్సోల్‌లో తెల్ల లైటు నిలకడగా వెలుగుతూ తెర మీద ఏమీ రాకపోతే వైరు మార్చి, ఇంకో టీవీలో పెట్టి చూడండి. అప్పటికీ బొమ్మ లేకపోతే పోర్టో, ఆ ఐసీనో అయ్యే అవకాశమే ఎక్కువ. రెండింటికీ గోడ స్విచ్ ఆపి, హెచ్‌డీఎంఐ గుచ్చి, ఆ తర్వాతే కరెంటు ఇస్తే ఈ గొడవ ఉండదు.

అపోహ: ఇంటి ఇన్వర్టర్ ఉంది, యూపీఎస్ దండగ.

వాస్తవం: ఇన్వర్టర్ మీద యూపీఎస్, ఈకో అనే స్విచ్ ఉందేమో చూడండి. ఈకోలో ఉంటే కరెంటు పోయి బ్యాటరీకి మారేలోపు ఎస్‌ఎంపీఎస్ ఊపిరి చాలదు, పీసీ రీస్టార్ట్ అవుతుంది. ఆ ఊపిరి పదిహేను మిల్లీసెకన్లకి అటూ ఇటూ మాత్రమే. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లయితే మొత్తానికే వద్దు. విడిగా యూపీఎస్ కొంటే, 600 వీఏ అన్నది చాలా మోడళ్లలో 360 వాట్లే. పైన చెప్పిన 250 వాట్ల పీసీ, మానిటర్ కలిపి నడుస్తాయి గానీ, బ్యాటరీ కాస్త పాతబడ్డాక గేమ్ మధ్యలో కరెంటు పోతే 'కీ'మని అరిచి ఆగిపోతుంది. 1000 వీఏకి వెళ్లడం నయం.

కన్సోల్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే డేటా పాడైందని మెసేజ్ రావచ్చు. పీఎస్5ని పూర్తిగా ఆపి, పవర్ బటన్‌ని రెండో బీప్ వినపడేదాకా, అంటే ఏడు సెకన్లు నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ వస్తుంది. కంట్రోలర్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి ఐదో ఆప్షన్‌లో డేటాబేస్ రీబిల్డ్ చేయండి. గేములు, సేవ్‌లు అలాగే ఉంటాయి. ఫ్యాక్టరీ రీసెట్ దాకా పరిగెత్తకండి.

అపోహ: కన్సోల్ కొంటే 4కే, 120 ఫ్రేములు ఖాయం.

వాస్తవం: పీఎస్5 తొలి డబ్బాల మీద 8కే అని కూడా ఉండేది. పెద్ద గేముల్లో చాలావరకు క్వాలిటీ మోడ్ 30 ఫ్రేములకి, పర్ఫార్మెన్స్ మోడ్ 60కి నడుస్తాయి. లోపల తక్కువ రిజల్యూషన్‌లో గీసి 4కేకి సాగదీస్తారు. ఇందులో మోసమేం లేదు, సోఫాలో పది అడుగుల దూరం నుంచి చూస్తే చాలామందికి తేడా తెలియదు కూడా.

తేడా తెలిసేది టీవీ సెట్టింగులో. గేమ్ మోడ్ ఆపి ఉంటే టీవీ ప్రతి ఫ్రేమునీ నునుపు చేస్తూ కూర్చుంటుంది, ఆ ఆలస్యం వంద మిల్లీసెకన్ల దాకా పోవచ్చు. 60 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు, అంటే మీరు బటన్ నొక్కిన ఆరు ఫ్రేములకి గాని బొమ్మ కదలదు. "కంట్రోలర్ ల్యాగ్ అండీ" అని తెచ్చే వాటిలో ఇది బాగా ఎక్కువ. 4కేలో 120 కావాలంటే టీవీలో హెచ్‌డీఎంఐ 2.1 ఉండాలి. చాలా సెట్లలో ఒకటి రెండు పోర్టులకే ఆ వసతి, పైగా ఆ పోర్టుకి మెనూలో ఎన్‌హాన్స్‌డ్ సిగ్నల్ విడిగా ఆన్ చేయాలి. సౌండ్‌బార్ ఆ పోర్టునే ఆక్రమించి ఉంటే మీ తిప్పలు మీవి.

అపోహ: కాన్ఫిగరేషన్ గట్టిదైతే పీసీలో గేమ్ తడబడదు.

వాస్తవం: కన్సోల్‌లో చిప్ ఒక్కటే రకం కాబట్టి షేడర్లు, అంటే వెలుగునీడల్ని లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు, ముందే సిద్ధం చేసి గేముతో పంపేస్తారు. పీసీలో ఎవరి కార్డు వారిది. అందుకని అవి మీ ఇంట్లోనే తయారవ్వాలి. కొత్త చోటికి వెళ్లగానే, మొదటిసారి బాంబు పేలగానే అర సెకను ఆగడానికి అదే కారణం. ఎంత ఖరీదైన కార్డుకైనా ఇది తప్పదు. గేమ్ మొదట్లో షేడర్లు సిద్ధమవుతున్నాయని గీత నిండుతుంటే ఓపిక పట్టండి, దాటవేయకండి. డ్రైవర్ మార్చినప్పుడు ఈ తంతు మళ్లీ మొదలవుతుంది.

ఇక కొత్తగా కట్టిన పీసీ నీరసంగా ఉందంటే వరసగా చూడాల్సినవి ఇవి. మానిటర్ వైరు గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా పైన బోర్డు పోర్టుకి గుచ్చారేమో చూడండి, నవ్వకండి, ఇదే మొదటి స్థానంలో ఉంది. 144 హెర్ట్జ్ మానిటర్ విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 దగ్గరే ఉండిపోయి ఉండొచ్చు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ర్యామ్‌లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. పక్కపక్కన పెడితే రెండూ ఒకే ఛానల్‌లో పడి, సగం దారే వాడినట్టు. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) ర్యామ్ పూర్తి వేగాన్నిచ్చే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయకపోతే 6000 అని కొన్న డీడీఆర్5 ర్యామ్ సాధారణంగా 4800 దగ్గరే నడుస్తుంది.

అపోహ: స్టోరేజ్ చాలకపోతే ఏ హార్డ్‌డిస్కైనా తగిలించొచ్చు.

వాస్తవం: తొలి పీఎస్5లో 825లో మీ చేతికొచ్చేది 667 జీబీ, తొలి సిరీస్ ఎస్‌లో 512లో 364. యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ మీద పీఎస్5 గేములు దాచుకోవచ్చు గాని ఆడలేరు, పీఎస్4 గేములైతే అక్కడి నుంచే ఆడొచ్చు. పీఎస్5లో అదనపు ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్‌కి కావాల్సింది జెన్4 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, సోనీ చెప్పిన వేగం సెకనుకి 5,500 ఎంబీ. హీట్‌సింక్‌తో కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు దాటితే పైమూత పడదు. పీసీ కోసం చేసిన లావుపాటి హీట్‌సింకులతో ఇక్కడే దెబ్బతింటారు. రెస్ట్ మోడ్‌లో కాదు, పూర్తిగా ఆపి వైర్లన్నీ పీకాకే మూత తీయాలి. ఎక్స్‌బాక్స్ సిరీస్‌కి దాని సొంత ఎక్స్‌పాన్షన్ కార్డే గతి, రేటు ఎక్కువే.

పీసీలో స్వేచ్ఛ ఉంది, దానికో మెలిక కూడా ఉంది. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్ నింపగానే హార్డ్‌డిస్క్ వైరు తగిలించే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టగానే పాత హార్డ్‌డిస్క్ మాయమైందంటే అది చచ్చిపోలేదు, వైరుని ఇంకో పోర్టుకి మార్చండి.

అపోహ: ల్యాప్‌టాప్‌లో 4060 అన్నా, డెస్క్‌టాప్‌లో 4060 అన్నా ఒకటే.

వాస్తవం: పేరు ఒకటే. ల్యాప్‌టాప్ 4060కి కంపెనీ 35 నుంచి 115 వాట్ల మధ్య ఎంతైనా ఇవ్వొచ్చు. 4070 అయితే డెస్క్‌టాప్‌లో 12 జీబీ, ల్యాప్‌టాప్‌లో 8 జీబీ. కొనేముందు టీజీపీ, అంటే ఆ గ్రాఫిక్స్‌కి ఇచ్చిన వాట్లు, ఎంతో అడగండి, చెప్పలేకపోతే వేరే మోడల్ చూడండి.

అపోహ: స్టిక్ డ్రిఫ్ట్ (ముట్టుకోకుండానే కంట్రోలర్ స్టిక్ ఓ పక్కకి లాగడం) దుమ్ము వల్ల వస్తుంది, స్ప్రే కొడితే పోతుంది.

వాస్తవం: దుమ్ము కొంతే. డ్యూయల్‌సెన్స్ (పీఎస్5 కంట్రోలర్) స్టిక్ కింద రెండు పొటెన్షియోమీటర్లు ఉంటాయి. కార్బన్ పూత మీద సన్నటి రేకు రాసుకుంటూ తిరుగుతుంది. ఆ పూత అరిగాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొడితే వారమో పది రోజులో బాగుంటుంది, మళ్లీ మొదటికే. ముందు గేమ్ సెట్టింగుల్లో డెడ్‌జోన్ (స్టిక్ కాస్త కదిలినా పట్టించుకోని మేర) కొంచెం పెంచి చూడండి. స్టిక్ మార్చడమంటే 14 కాళ్లు సోల్డర్ విడదీయాలి. గ్రౌండ్ కాళ్ల దగ్గర రాగి పొర వేడిని లాగేస్తుంది, తొందరపడి లాగితే ప్యాడ్ ఊడొస్తుంది. అక్కడ మామూలు సీసం సోల్డర్ కొద్దిగా కలిపి కరిగిస్తే సులువుగా వస్తుంది. మార్చాక క్యాలిబ్రేషన్ చేయకపోతే కొత్త స్టిక్ కూడా నడిమధ్యన నిలవదు. అయస్కాంతంతో పనిచేసే హాల్ స్టిక్కులకి ఈ అరుగుదల లేదు.

అపోహ: ఏడాదికోసారి విప్పి చిప్ వేడిని హీట్‌సింక్‌కి అందించే పేస్ట్ మార్పించాలి.

వాస్తవం: పీసీకి టెంపరేచర్ పెరిగితేనే. పీఎస్5లో ఉన్నది పేస్ట్ కాదు, లిక్విడ్ మెటల్. కరెంటు పారనిచ్చే ద్రవం, చుట్టూ కట్టిన నురుగు గట్టు దాటి ఒక్క చుక్క పక్కకి జారినా బోర్డు షార్టవుతుంది. అల్యూమినియాన్ని తినేస్తుంది కూడా. వేడెక్కుతోందని దాన్ని తుడిచి మామూలు పేస్ట్ పెట్టించుకున్నవి కొన్నాళ్లకి ఫ్యాన్ మోతతో తిరిగొస్తాయి. చేయాల్సింది పక్క మూతలు తీసి ఫ్యాన్, దుమ్ము పట్టే రంధ్రాలు వాక్యూమ్‌తో లాగడం, అంతే. బ్లోయర్ పెడితే ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి ఊదండి. గిర్రున తిరగనిస్తే బేరింగ్ పోతుంది.

అపోహ: గేములన్నీ రెండింట్లోనూ ఒకేసారి వస్తాయి.

వాస్తవం: రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కన్సోళ్లకి 2018 అక్టోబరులో వచ్చింది, పీసీకి 2019 నవంబరులో. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ పీఎస్5కి 2022 నవంబరులో వస్తే పీసీ వాళ్లు 2024 సెప్టెంబరు దాకా ఆగారు. అటువైపు చూస్తే కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 కన్సోళ్లలో లేనే లేవు. కొనేముందు మీ స్నేహితులు రాత్రిళ్లు ఏ గేములో, దేని మీద కలుస్తున్నారో అడగండి.