ముంజ చిట్లకుండా

లేత తాటిముంజ పైపొర ఒలిచేటప్పుడు గోరు కాస్త లోతుగా దిగిందంటే లోపలి నీళ్లన్నీ చేతిమీదుగా కారిపోతాయి. మెదడులో పెరిగిన హైడాటిడ్ తిత్తిని బయటికి తీయడం కూడా ఇలాంటి పనే. కాకపోతే ఇక్కడ నీళ్లు కారితే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ తిత్తి ఒక బద్దెపురుగు పిల్లదశ. పెద్ద పురుగు కుక్క పేగుల్లో ఉంటుంది, పొడవు అర సెంటీమీటరుకు కాస్త అటూఇటూ. దాని గుడ్లు కుక్క మలంతో బయటపడి గడ్డికీ, కుక్క బొచ్చుకూ అంటుకుంటాయి. ఆ గడ్డి మేసిన గొర్రెల కార్జంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు కడతాయి. గొర్రెను కోసి ఆ కార్జం ముక్క కుక్కకు పడేస్తే మళ్లీ మొదటికే. కుక్కను నిమిరి, చెయ్యి కడుక్కోకుండా నోట్లో పెట్టుకున్న పిల్లవాడు ఈ చక్రంలో ఇరుక్కుంటాడు. మనుషుల్లోనూ ఎక్కువగా కాలేయానికో ఊపిరితిత్తులకో వస్తుంది, మెదడుకు రావడం అరుదు. వచ్చేది కూడా ఎక్కువగా పిల్లలకే.

తిత్తి నెమ్మదిగా పెరుగుతుంది. తలనొప్పి, వాంతులు మొదలై స్కాన్ తీసేసరికి బత్తాయంత అయి ఉండొచ్చు. పంది బద్దెపురుగు వల్ల మెదడులో వచ్చే చిన్న తిత్తులు చాలామందికి మందులతోనే తగ్గుతాయి. ఇంత పెద్దదానికి మాత్రం ఆపరేషన్ తప్పదు.

సూదితో నీళ్లు లాగేస్తే పోదా? ఆ నీళ్లలో కంటికి ఆనని పురుగు తలలు బోలెడు ఉంటాయి. చిందిన ఒక్కొక్కటీ కొత్త తిత్తి కాగలదు. పైగా ఒక్కసారిగా అలర్జీ వచ్చి బీపీ పడిపోవచ్చు.

దీనికి 1929లో అర్జెంటీనా సర్జన్ డౌలింగ్ చూపిన దారి నాకు అద్భుతంగా తోస్తుంది. కపాలం ఎముకను వెడల్పుగా తెరుస్తారు. మెదడు పైపొరను జాగ్రత్తగా చీలిస్తే తెల్లగా మెరుస్తూ తిత్తి కనబడుతుంది. దాన్ని పట్టకారుతో ముట్టుకోరు. తిత్తికీ మెదడుకూ మధ్య మెత్తటి రబ్బరు గొట్టం జొనిపి, గోరువెచ్చని సెలైన్ మెల్లగా వదులుతారు. తిత్తి మెదడుకు అతుక్కుని ఉండదు కాబట్టి నీళ్లు చుట్టూ పాకి దాన్ని విడదీస్తాయి. అప్పుడు టేబుల్ తలవైపు కిందికి వంచుతారు. తిత్తి తన బరువుకు తానే జారుతూ, చీలిక దగ్గర కాస్త సాగి, కింద పట్టిన గిన్నెలోకి చిట్లకుండా దిగుతుంది. ఆ కొద్ది నిమిషాలు థియేటర్లో అందరికీ టెన్షనే.

తిత్తి పోయిన చోట పెద్ద గుంట మిగులుతుంది. అది ఒక్కసారిగా కుంగిపోకుండా సెలైన్‌తో నింపి మూస్తారు. తర్వాత ఆల్బెండజోల్ అనే పురుగుల మాత్రలు, మధ్యమధ్యలో స్కాన్లు. ఇన్నాళ్లూ పక్కకు నొక్కుకుపోయిన మెదడు మెల్లమెల్లగా తన చోటికి తిరిగొస్తుంది.