మన పాసుపుస్తకం మంచుకొండల్లో చెల్లదు: అపోహలు, వాస్తవాలు

భీమవరంలో ఇరవై రెండేళ్లుగా ఆస్తి పత్రాలు చూసి లీగల్ ఒపీనియన్ ఇస్తున్నాను. చేపల చెరువులు, వరి పొలాలు, కొబ్బరితోటలు, లేఅవుట్లు... నా బల్ల మీదకి వచ్చే ఫైళ్లు ఎక్కువగా ఇవే. నాలుగైదేళ్లుగా మాత్రం కొత్త రకం ఫైలు ఒకటి వస్తోంది. పైన మంచుకొండల ఫోటోలు, మధ్యలో హిందీలో టైపు చేసిన ఒప్పందం, అడుగున మనవాళ్ల పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు. ఆ జిరాక్సు కనబడగానే జరిగిందేమిటో నాకు సగం తెలిసిపోతుంది.

వచ్చేవాళ్లు చెడ్డవాళ్లు కాదు, అత్యాశపరులూ కాదు. ఇంట్లోంచి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు ఒక చలికాలం హిమాచల్‌లోని సోలంగ్‌కో, ఉత్తరాఖండ్‌లోని ఔలీకో వెళ్లి స్కీయింగ్, అంటే మంచు మీద జారే ఆట, నేర్చుకుంటారు. అది పట్టేస్తుంది. ఏటా వెళ్లి రావడమెందుకు, అక్కడే ఉండిపోదాం అనుకుంటారు. తండ్రి చేతిలో చెరువు లీజు డబ్బులుంటాయి, లేదా తల్లికి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం అమ్మిన డబ్బులుంటాయి. ఆ కోరికలో నాకు తప్పేమీ కనబడదు. డబ్బు పోతున్నది మాత్రం ఒకే ఒక్క తప్పుడు మాట దగ్గర. ఎక్కువసేపు దాని గురించే చెబుతాను.

అపోహ: "మేం రైతులమే కదండీ, హిమాచల్‌లో రైతులు భూమి కొనుక్కోవచ్చటండి."

కొనలేరు. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, దానివల్ల ఎన్ని ఇళ్లలో నిద్ర కరువైందో నేను చూశాను.

ఇందులో సగం నిజం ఉంది కాబట్టే నమ్ముతున్నారు. హిమాచల్ ప్రదేశ్‌లో 1972 నాటి కౌలుదారీ, భూసంస్కరణల చట్టం ఉంది. దాని 118వ సెక్షన్ ప్రకారం వ్యవసాయదారుడు కానివాడికి భూమి బదిలీ చేస్తే అది చెల్లదు. మనవాళ్లు ఇక్కడిదాకా విని ఆగిపోతారు. వ్యవసాయదారుడంటే ఎవరో అదే చట్టం మొదట్లోనే చెప్పింది: హిమాచల్‌లో ఉన్న భూమిని సొంతంగా సాగుచేసుకునే భూయజమాని. ఉండిలో పదెకరాలున్నా, ఆకివీడులో పాతికెకరాల చెరువున్నా ఆ చట్టం లెక్కలో మీరు వ్యవసాయదారుడు కాదు. మనదాకా ఎందుకు, సిమ్లాలోనే పుట్టి పెరిగిన దుకాణదారుడికి సాగుభూమి లేకపోతే అతనూ కొనలేడు.

మన జిల్లాలవాళ్లకు దీన్ని ఒక్క మాటలో చెప్పొచ్చు. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు మనకెవరైనా భూమి అమ్ముతామంటే కొంటామా? వన్ ఆఫ్ సెవెంటీ ఉందని పిల్లాడిక్కూడా తెలుసు. ఏజెన్సీలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. అక్కడి 118 కూడా అలాంటి కంచే. కొండవాళ్ల భూమి మైదానాలవాళ్ల డబ్బుకి కరిగిపోకూడదని వేసుకున్నారు. ఏజెన్సీ కంచెను గౌరవించే మనం ఆ కంచెను మాత్రం బ్రోకరు మాట మీద దూకేస్తున్నాం.

ఇక ఆ దూకే దారులు. నాకు వచ్చిన ఫైళ్లలో మూడు రకాలున్నాయి.

మొదటిది, స్థానికుడి పేరున కొని డబ్బు మనం పెట్టడం. ఇది అచ్చమైన బినామీ. 1988 నాటి బినామీ చట్టాన్ని 2016లో కఠినం చేశాక ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలు, ఆస్తి మార్కెట్ విలువలో పాతిక శాతం దాకా జరిమానా, ఆస్తి జప్తు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. పేరున్నవాడు రేపు అడ్డం తిరిగితే, డబ్బు నాది కాబట్టి ఆస్తి నాదని మీరు దావా వేయడానికి కూడా ఆ చట్టం ఒప్పుకోదు. మంచివాడే అనుకోండి, అతను పోయాక అతని పిల్లలకు మీరెవరో తెలియనక్కర్లేదు.

రెండోది, జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. "పవర్ రాసిచ్చేశాడండి, రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకుందాం అన్నాడు." జీపీఏ మీద అమ్మకం జరిగినంత మాత్రాన హక్కు సంక్రమించదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది. అది దేశమంతటికీ వర్తిస్తుంది. హిమాచల్‌లోనైతే దాని మీద 118 కూడా ఉంది. అమ్మకం, దానం, వీలునామా, లీజు, స్వాధీనంతో తనఖా, చివరికి "మరే విధంగానైనా" అని ఆ సెక్షన్ తలుపులన్నీ మూసేసింది.

మూడోది, 99 ఏళ్ల లీజు. పైన చెప్పిన జాబితాలో లీజు కూడా ఉందని చూశారుగా. నెలనెలా అద్దె కట్టి ఇంట్లో ఉండటం వేరు, భూమిని లీజు పేరుతో చేతులు మార్చుకోవడం వేరు.

ఉల్లంఘన జరిగిందని కలెక్టరు విచారణలో తేలితే భూమి, దాని మీద కట్టిన ఇంటితో సహా, ప్రభుత్వపరమైపోతుంది. మీ పెట్టుబడి ఎంతని ఎవరూ అడగరు.

రెండేళ్ల కిందట ఒక పెద్దాయన వచ్చారు. వీరవాసరం వైపు, ఆరెకరాల రొయ్యల చెరువు. మధ్యాహ్నం భోజనం వేళ గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. కూర్చోమంటే కూర్చోరు. "ప్లీడరు గారండీ, అబ్బాయి సంతకం పెట్టేశాడండి. పద్నాలుగు లక్షలు వెళ్లిపోయాయండి. మీరొక్కసారి చూసి బాగుందంటే నేను ఇంటికెళ్లి అన్నం తింటానండి." ఆ కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవరు మళ్లీ తువ్వాలులో చుట్టి తెచ్చారు. విప్పితే యాభై రూపాయల స్టాంపు కాగితం. కొనేవాడి హోదా అన్నచోట "కిసాన్, ఆంధ్ర ప్రదేశ్" అని రాసి ఉంది. అమ్మేవాడికి చట్టం తెలియక కాదు, తెలిసే అలా రాయించాడు. రేపు గొడవొస్తే, ఈయన రైతునని చెబితే నమ్మానండీ అంటాడు.

బాగుందని ఎలా చెప్పను? చెప్పలేదు. ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. తర్వాత ఏడాదిన్నర పాటు నోటీసులు, ఫోన్లు, మధ్యవర్తులు. తొమ్మిది లక్షలు వెనక్కి వచ్చాయి. మిగతా ఐదు రాలేదు. కోర్టుకెళ్దామా అని అడిగారు. చట్టం ఒప్పుకోని ఒప్పందాన్ని పట్టుకుని మూడు వందల కిలోమీటర్లు కాదు, రెండు వేల పైచిలుకు కిలోమీటర్ల అవతల కోర్టులో తిరగమని ఆ వయసు మనిషికి నేను చెప్పలేకపోయాను.

మరి సక్రమమైన దారి లేదా అంటే ఉంది. ఇల్లు కట్టుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం నుంచి 118 కింద ముందస్తు అనుమతి తీసుకుంటే 500 చదరపు మీటర్ల దాకా కొనొచ్చు. మన లెక్కలో పన్నెండు సెంట్ల పైన కాస్త. అనుమతి చేతికొచ్చాకే రిజిస్ట్రేషన్, గడువులోగా ఇల్లు కట్టాలి, చెప్పిన పనికే వాడాలి. లేదా ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హిముడా అమ్మే ఇల్లో ఫ్లాటో చూసుకోవాలి, దానికి చట్టంలోనే మినహాయింపు ఉంది. "అనుమతి నేను తెప్పిస్తాను, ముందు డబ్బు వేయండి" అన్నవాడికి రూపాయి కూడా వేయకండి. ముందు అనుమతి, తర్వాత డబ్బు.

ఉత్తరాఖండ్ సంగతి వేరు. ఔలీ ఉన్నది చమోలీ జిల్లాలో. నగర పరిధి బయట బయటివాళ్లకు ఇంటి కోసం 250 చదరపు మీటర్లే, అదీ కుటుంబానికి ఒక్కసారే. భర్త పేరున 250, భార్య పేరున 250 అని బ్రోకర్లు చెప్పే లెక్క కుదరదు. 2025 సవరణతో హరిద్వార్, ఊధంసింగ్ నగర్ తప్ప మిగిలిన 11 జిల్లాల్లో సాగుభూమి, తోటభూమి బయటివాళ్లు కొనే వీల్లేదు. జమ్మూ కాశ్మీర్‌లో 2020 మార్పుల తర్వాత మనలాంటివాళ్లు ఇంటిస్థలం కొనొచ్చు గానీ సాగుభూమికి అక్కడా కంచె ఉంది.

అపోహ: "నది పక్కన స్థలం, మన గోదారి గట్టు మీద ఉన్నట్టే ఉంటుందండి."

ఈ మాట అన్న కుర్రాడితో కలిసి నేనే మనాలి వెళ్లాను. అది జూలై. కావాలనే వర్షాకాలంలో వెళ్దామన్నాను. స్థలం చూడటానికి ఎంతో బాగుంది. చదునుగా, దేవదారు చెట్ల మధ్య, పక్కనే సన్నటి నాలా, అంటే కొండవాగు. సోలంగ్‌కి ఇరవై నిమిషాలు. కుర్రాడు వీడియో కాల్‌లో వాళ్లమ్మకి చూపిస్తున్నాడు. నేను కాలితో మట్టి తోసి చూశాను. రెండంగుళాల కింద రాళ్లు, పిడికిలంతవి, తలకాయంతవి, అన్నీ గుండ్రంగా నున్నగా ఉన్నాయి. కొండ మీంచి విరిగి పడ్డ రాయికి మూలలుంటాయి. గుండ్రటి రాయిని నీళ్లే దొర్లించి తేవాలి. అంటే మేం నిలబడ్డ చోటు ఒకప్పుడు ఆ నాలాదే.

రాత్రి గదికి వచ్చి హిమాచల్ భూరికార్డుల సైట్ హిమ్‌భూమిలో ఆ ఖస్రా నంబరు, అంటే మన సర్వే నంబరు లాంటిది, కొట్టి జమాబందీ తీశాం. జమాబందీ అంటే మన అడంగల్, వన్‌బీ కలిపినట్టుంటుంది: యజమాని, సాగుదారు, విస్తీర్ణం, నేల రకం. నేల రకం గడిలో "గైర్ ముమ్‌కిన్ ఖడ్" అని ఉంది. సాగుకు పనికిరానిది, వాగు అని. యజమాని గడిలో ప్రభుత్వం పేరుంది. బ్రోకరు చూపించిన కాగితం పక్క నంబరుది, చూపించిన నేల ఇది.

గోదావరి వరదకు మనకు వ్యవధి ఉంటుంది. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీరు ధవళేశ్వరం వచ్చేసరికి దాదాపు ఒక రోజు. ఈలోగా గేదెలను గట్టెక్కిస్తాం, బియ్యం బస్తాలు అటక మీద పెడతాం. లంకల్లోవాళ్లు పుట్టిన దగ్గర్నుంచీ ఇది చూస్తూనే ఉంటారు. కొండల్లో ఆ రోజు ఉండదు. గంటలో వంద మిల్లీమీటర్లకు మించి కురిస్తే వాతావరణ శాఖ దాన్ని క్లౌడ్‌బరస్ట్ అంటుంది. కొండ పైన అలా కురిస్తే కింద మోకాలి లోతు నాలా నిమిషాల్లో బండరాళ్లతో దిగుతుంది. 2023 జూలైలో బియాస్ నది మనాలి, కులూ మధ్య రోడ్లనీ, ఒడ్డు మీది కట్టడాలనీ ఎలా పట్టుకుపోయిందో టీవీల్లో చూశాం.

నేల కుంగడం ఇంకోటి. ఔలీకి కింద ఊరు జోషీమఠ్. పాత కొండచరియల శిథిలాల మీద ఉన్న ఊరు, భారీ కట్టడాలొద్దని 1976లోనే మిశ్రా కమిటీ చెప్పింది. 2023 జనవరిలో ఎనిమిది వందలకు పైగా కట్టడాలు బీటలు వారాయి. ఔలీకి వెళ్లే నాలుగు కిలోమీటర్ల రోప్‌వే అప్పుడే ఆగిపోయింది. ఔలీ మీద ఇష్టంతో అక్కడ స్థలం చూసుకున్న కుటుంబం ఒకటి అప్పుడు నాకు ఫోన్ చేసింది. అదృష్టవశాత్తూ అడ్వాన్సు ఇవ్వలేదు. ఫోన్‌లో ఆ ఇంటావిడ ఏడుస్తూనే ఉంది, మరి అక్కడివాళ్లు ఎక్కడికి పోతారండీ అని.

మిగతావి తొందరగా.

"స్కీ వాలుకి ఎంత దగ్గరైతే అంత మంచిది." ఏడాది పొడుగునా ఉండేవాళ్లకు కాదు. మంచు నిలిచేది ఉత్తరం వైపు వాలు మీద, ఎండ తగిలేది దక్షిణం వైపు వాలు మీద. స్కీకి మొదటిది కావాలి, ఇంటికి రెండోది కావాలి. మనం వాస్తు కోసం తూర్పు గుమ్మం చూస్తాం, అక్కడ జనవరిలో ఎన్ని గంటలు ఎండ పడుతుందో చూడాలి. గుల్మార్గ్‌లో కూడా చుట్టుపక్కల జనం ఉండేది పైన 2,650 మీటర్ల మైదానంలో కాదు, పదమూడు కిలోమీటర్లు కింద టంగ్‌మార్గ్‌లో.

"ఏడాదంతా మంచేనండి." కాదు. స్కీయింగ్ కాలం మహా అయితే డిసెంబరు చివరి నుంచి మార్చి, గుల్మార్గ్‌లో ఇంకాస్త. మిగిలిన ఎనిమిది తొమ్మిది నెలలూ మీరు ఉండేది వానలు, ట్రాఫిక్, కరెంటు కోతలు ఉన్న మామూలు కొండ ఊరిలో. ఆ ఊరు నచ్చిందా అన్నదే ప్రశ్న.

"అమ్మానాన్నలనీ తీసుకుపోతాం, గాలి మంచిది." గాలి మంచిదే, కానీ పలచన. 2,500 మీటర్ల ఎత్తులో ప్రతి శ్వాసకీ అందే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో నాలుగింట మూడు వంతులే. స్టెంటు వేయించుకున్న మనిషిని డాక్టర్ని అడగకుండా ఎక్కించకండి. మనాలి నుంచి చండీగఢ్ పీజీఐ పెద్దాసుపత్రికి సుమారు మూడు వందల కిలోమీటర్ల కొండదారి. గుండెనొప్పి వస్తే భీమవరం నుంచి ఏలూరో విజయవాడో పరిగెత్తినట్టు అక్కడ కుదరదు.

నాలా పక్క స్థలం చూసిన కుర్రాడు చివరికి కొనలేదు. నగ్గర్‌లో, మనాలికి ఇరవై కిలోమీటర్లు కింద, పైఅంతస్తు అద్దెకు తీసుకున్నాడు. ఒక వర్షాకాలం, ఒక చలికాలం పూర్తిగా ఉండి చూడమని నేనే చెప్పాను. జనవరిలో పొద్దున్నే ఫోన్. "అంకుల్, కుళాయి తిప్పితే నీళ్లు రావట్లేదు, పైపులో గడ్డకట్టేశాయి." కింద ఉండే ముసలాయన వచ్చి చూపించాడట: చలి ఎక్కువైన రాత్రి కుళాయిని పూర్తిగా కట్టకుండా సన్నటి ధార వదిలేయాలి, కదిలే నీరు తొందరగా గడ్డకట్టదు. వాళ్లమ్మ పంపిన ఆవకాయ జాడీలో నూనె పేరుకుపోయిందని కూడా చెప్పాడు. స్కీయింగ్‌కి వారానికి రెండు రోజులు వెళ్తున్నాడు. హిముడా ఇళ్ల ప్రకటన పడితే చెప్పమన్నాను. "ఇంకో చలికాలం చూసి చెప్తాను అంకుల్" అన్నాడు.