పార్కు నేల 14 శాతం డబ్బుగా ఎలా మారింది?

హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాటు కొన్నవాళ్లకు ‘ఓపెన్ స్పేస్ చార్జీలు, 14 శాతం’ అనే మాట బాగా తెలుసు. ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధీకరించే పథకం) ఫీజు వివరాలు చూడగానే గుండె జారేది చాలాసార్లు ప్లాటు విలువలో 14 శాతం అడిగే ఈ పద్దు దగ్గరే. మా కాలనీలో పార్కే లేదు, పార్కు డబ్బు మేమెందుకు కట్టాలి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్లాలి.

నిజానికి పార్కు అంటే ఫీజు కాదు, నేల. లేఅవుట్ వేసేవారు మొత్తం స్థలంలో 10 శాతం ఖాళీగా వదిలి, గిఫ్ట్ డీడ్ చేసి స్థానిక సంస్థకు అప్పగించాలి. అది జరిగేలా చూడటానికే హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) 15 శాతం ప్లాట్లను మార్టగేజ్ పెట్టించుకుంటుంది. రోడ్లు, డ్రైనేజీ, పార్కు పూర్తి చేశాకే ఫైనల్ లేఅవుట్ ఇచ్చి వాటిని విడిపిస్తుంది. ఈ పద్ధతిలో భారం వెంచర్ వేసినవారిదే.

1975లో హుడా (హెచ్ఎండీఏకు ముందున్న పట్టణాభివృద్ధి సంస్థ) వచ్చాక కూడా నగరం దాని అనుమతుల కోసం ఆగలేదు. శివారు ఊళ్లలో పంచాయతీ ముద్ర వేసిన నక్ష చూపించి ప్లాట్లు అమ్మేశారు. కొన్నిచోట్ల నక్షలో పార్కు ఉంటుంది, అక్కడికి వెళ్తే ఇల్లు ఉంటుంది. చాలాచోట్ల నక్షలోనే ఉండదు. అయినా రిజిస్ట్రేషన్లు జరిగిపోయాయి, స్టాంపు డ్యూటీ ప్రభుత్వానికి చేరింది. 2007 ఏప్రిల్‌లో పాత హైదరాబాద్ కార్పొరేషన్‌లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిసి జీహెచ్ఎంసీ ఏర్పడేసరికి ఈ కాలనీల భారమంతా నగరం మీద పడింది. అదే ఏడాది డిసెంబరు 31న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 902తో లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం తెచ్చింది. తెలంగాణ వచ్చాక 2015లో జీవో 151, 2020లో జీవో 131 అదే దారిలో నడిచాయి.

నేల లేదు కాబట్టి దాని విలువ కట్టమనడం ఈ పథకాల తర్కం. మరి 10 కాకుండా 14 ఎందుకు? నా అంచనా ఇది: వంద గజాల్లో రోడ్లకు 30 పోతే 70 మిగులుతాయి, అందులో పార్కుకు రావాల్సిన 10 అంటే 14 శాతం చిల్లర.

ఇక ఏ రోజు విలువ మీద లెక్కేయాలన్నది పెద్ద గొడవ. 200 గజాల ప్లాటు గజం 2,000 చొప్పున అయితే 14 శాతం అంటే 56,000 రూపాయలు. గజం 10,000 అయితే 2,80,000. నెలజీతంతో బతికే కుటుంబానికి ఈ తేడా చిన్నది కాదు. 2020 ఆగస్టులో వచ్చిన జీవో మీద జనం భగ్గుమన్నారు. సెప్టెంబరులో జీవో 135తో చార్జీలు సవరించి, ప్లాటు రిజిస్ట్రేషన్ నాటి విలువను లెక్కలోకి తెచ్చారు. ఆ విడతలో 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అవి ఏళ్ల తరబడి పెండింగ్‌లో ఉండిపోయాయి.

భూ వినియోగ మార్పు ఫీజుల దారి వేరు. పొలాన్ని వ్యవసాయేతర అవసరాలకు మార్చడానికి 2006 నాటి చట్టం కింద కట్టేదాన్ని అందరూ ‘నాలా’ అంటారు, అది రెవెన్యూ శాఖకు వెళ్తుంది. మాస్టర్ ప్లాన్‌లో జోన్ మార్పు చార్జీలు హెచ్ఎండీఏ చూసుకుంటుంది. అవి భూమి యజమానో, బిల్డరో ముందే కట్టేవి. పార్కు డబ్బు మాత్రం వెంచర్ వేసినవారు ప్లాట్లన్నీ అమ్ముకుని వెళ్లిపోయాక, కొన్నవారి నెత్తిన పడింది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇంకో నష్టం కూడా ఉంది. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. నక్షలో గీత ఉంది, కింద నేల ఉంది కాబట్టి అక్కడి జనం కోర్టుకు వెళ్లగలిగారు. 14 శాతం కట్టిన కాలనీ వాళ్లు దేన్ని కాపాడమని వెళ్లాలి? వాళ్ల చేతిలో ఉన్నది రసీదే. ఈ డబ్బును విడి ఖాతాలో ఉంచి ఆ ప్రాంతాల వసతులకే వాడాలని నిబంధనల్లో రాశారు. అలాంటప్పుడు ఏ కాలనీ నుంచి ఎంత వచ్చింది, దానితో ఎక్కడ ఎన్ని గజాలు కొన్నారు అన్నది వార్డు ఆఫీసు గోడ మీద రాసి పెట్టాలి. 2025లో గడువులోగా కడితే 25 శాతం రాయితీ అన్నారు, గడువు పొడిగించారు కూడా. పార్కుకు గజం నేల ఎక్కడ కొంటారో మాత్రం కట్టినవాళ్లకు ఎవరూ చెప్పలేదు.